గేజి చూడని తొమ్మిది రోజులు

జిగురు ఆరడానికి గంట పడుతుంది, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు అన్నాడు బైండింగ్ షాపు జయపాల్, మొదటి ప్రతిని ఇనప మర కింద పెట్టి పిడి తిప్పి బిగిస్తూ. గంట అంటే చిన్నబ్బాయికి ఒక లెక్కలోది కాదు. కాలవ లాకుల దగ్గర ముప్పై నాలుగేళ్ళు లస్కరుగా పనిచేసినవాడు. తలుపులు ఎత్తమంటే ఎత్తి, దించమంటే దించి, పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ మెట్లు దిగి, నీళ్ళలో నిలబెట్టిన గేజి రాయి మీద పాచిని కొబ్బరి పీచుతో తుడిచి, నీరు ఏ గీతని తాకుతోందో చూసి పుస్తకంలో రాసి, ఆ రెండు ఆరింటికీ మధ్య నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నవాడు. కూర్చోవడం ఆయనకి వచ్చు. మాట్లాడడమే రాదు. "కోడలుగారు పీహెచ్‌డీ, మావగారు కాపలా. బాగుందండి మీ ఇంటి పద్ధతి," అన్నాడు జయపాల్ దారం పంటితో తెంపుతూ. చిన్నబ్బాయి తలాడించాడు. "పలకరేంటండి బాబూ, మా షాపులో మాటకి చార్జీ లేదండి," అన్నాడు మళ్ళీ. దానికీ తలే. జయపాల్ నవ్వుకుని రేడియో పెట్టుకున్నాడు.

కోడలు హేమశ్రీ పన్నెండింటికి వెళ్ళింది. దానవాయిపేటలో గైడుగారింట్లో ఫారం మీద చివరి సంతకం పెట్టించుకుని గంటలో వస్తానంది. ఒకటి బైండై చూశాక మిగతా నాలుగూ కుట్టమని జయపాల్‌కి చెప్పి, ఇవి మీ కళ్ళముందే ఉండాలి మావయ్యగారూ అని ఆ నాలుగు కట్టల్నీ ఆయన పక్కన బల్ల మీద పెట్టి వెళ్ళింది. సాయంత్రం అయిదింటికి యూనివర్సిటీలో తీసుకోవడం ఆపేస్తారు. ఇవాళ దాటితే గడువు లేదు. ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి కుదరదని కాగితం పంపారు. ఇవాళ ఇవ్వకపోతే తొమ్మిదేళ్ళూ గోదాట్లో పోసినట్టే. ఈ మాట ఆమె నిన్నా మొన్నా పదిసార్లు అంది, అన్నం వడ్డిస్తూ అంది, పిల్ల జడ వేస్తూ అంది. కాలేజీలో పదకొండేళ్ళుగా ఏడాదికోసారి కొత్తగా ఆర్డరు ఇస్తూ వాడుకుంటున్న ఉద్యోగం, థీసిస్ ఇచ్చిన రసీదు చూపిస్తే గట్టి ఉద్యోగం చేస్తామన్నారట. రాజమండ్రికి మీరు కూడా రావాలి అని పట్టుబట్టింది. నేనెందుకమ్మా అంటే, ఈ పుస్తకం మీదండీ, నేను ఎక్కించానంతే, అంది.

ఆ మాట నిజమే కావచ్చు, కాకపోవచ్చు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో అటక సర్దుతూ రేకు పెట్టె దింపింది. అందులో ఆయన గేజి పుస్తకాలు. ఆఫీసుకి వెళ్ళేది ఒకటి, తన దగ్గర ఉంచుకునేది ఒకటి, రెండూ ఆయనే రాసేవాడు. ఉంచుకోమని ఎవరూ చెప్పలేదు, పారేయడానికి చెయ్యి రాలేదు. మూడో తరగతి దాకా చదివిన చదువంతా ఆ పుస్తకాల్లోనే ఖర్చయింది. వాటిని భార్య అన్నపూర్ణమ్మ బతికుండగా పొయ్యిలో వేస్తానని బెదిరించేది. కొడుకు శివరామకృష్ణ ఏనాడూ తెరిచి చూడలేదు. ఈ పిల్ల మాత్రం చెద దులిపి, నేల మీద కాళ్ళు చాపుకుని, మధ్యాహ్నం భోజనం మాని చదివింది. అంకెలు తప్ప ఏమీ లేని పుస్తకం ఏం చదువుతోందో ఆయనకి అర్థం కాలేదు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. తొంభై రెండులో శివారు చేలకి నీళ్ళెందుకు అందలేదు మావయ్యగారూ. ఫలానా రోజు అడుగు నీరు ఎందుకు పడిపోయింది. పై లాకులవాళ్ళు కట్టేశారమ్మా. అంతే. పది ప్రశ్నలడిగితే రెండు 'ఆ'లు, మూడు 'ఊఁ'లు వస్తాయి మా మావయ్యగారి దగ్గర, అని ఫోన్లో ఎవరికో చెప్పి నవ్వడం విన్నాడు. అది విని ఆయనకి కోపం రాలేదు, ఇంకో 'ఊఁ' ఎక్కువ అనాల్సింది అనిపించింది.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. జిగురు వాసన, మైదా ఉడికిన వాసన. లాకుల గదిలో తలుపుల పళ్ళచక్రాలకి పూసే గ్రీజు వాసన ఇలా ఉండదు, ఐనా అదే గుర్తొస్తోంది. కట్టల వంక చూశాడు. తెల్లగా, అంచులు సమంగా, కొత్త ఇటుకల్లా ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం వీటినే ఒక్కో కాగితం తిప్పి కొలిచాడు. ఎడమవైపు ఒకటిన్నర అంగుళం ఖాళీ వదలాలట, కుట్టుకోసం. వెంట్రుకంత తేడా వచ్చినా వెనక్కిచ్చేస్తారట. నాకు కళ్ళు లాగేస్తున్నాయి, కొలత మీ చేతికైతే నమ్మకం, అని స్కేలు ఇచ్చింది. రెండు వందల పన్నెండు పేజీలు. ఖాళీ ఉన్నచోటే చూశాడు, రాత ఉన్నచోట చూడలేదు. నీళ్ళలో గీత చూసేవాడు నీళ్ళు చూడడు, అలా అలవాటైపోయింది. ఒకటిన్నర, ఒకటిన్నర, ఒకటిన్నర. నూట నలభై మూడో పేజీ కూడా ఆ చేత్తోనే తిప్పి ఉంటాడు.

ఇవాళే చూశాడు. ఊరికే, పొద్దుపోక. పైకట్ట తాడు సడలించి నడిమికి తెరిస్తే ఆ పేజీలో బొమ్మ కనిపించింది. గీతల బొమ్మలు పుస్తకంలో చాలా ఉన్నాయి, నీటిమట్టం ఎక్కడం దిగడం, పోటూ పాటూలాగా. ఇది మాత్రం ఒకచోట తాడు కట్టి లాగినట్టు సమంగా ఉంది. కింద చిన్న అక్షరాల్లో తేదీలు. నవంబరు ఏడు, పంతొమ్మిది వందల తొంభై ఆరు. వేలు పెట్టుకుని చదివాడు. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, గుణింతం కూడబలుక్కుని. 'ఆ పెనుతుఫాను తర్వాతి తొమ్మిది రోజుల్లో సైతం లాకుల లస్కరు ఒక్క పూట కూడా మానక గేజి నమోదు చేశాడు. ఈ నమోదు ప్రకారం కాలవ నీటిమట్టం నాలుగుంబావు అడుగుల వద్ద స్థిరంగా ఉంది. కనుక గట్టు తెగి కాలవ నీరు పేటను ముంచిందన్న సూరమ్మ కథనానికి ఆధారం లేదు.' మళ్ళీ చదివాడు. రెండోసారి వేలు అవసరం లేకపోయింది.

నాలుగుంబావు. ఎందుకు నాలుగుంబావు రాశాడు? ఆరో తేదీ సాయంత్రం గాలి లేచేముందు ఆయన ఆఖరుసారి చూసిన నీరు అది. దీపావళి నాలుగు రోజులుందనగా. ఆ తర్వాత నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఆయనకి తెలియదు. ఆయన అక్కడ లేడు. ఏడో తేదీ తెల్లవారి చూస్తే లాకుల గదికి పైకప్పు లేదు, కొబ్బరిచెట్లు దువ్వెనతో దువ్వినట్టు ఒకేవైపు పడున్నాయి, గేజి రాయి దగ్గరికి మెట్లు దిగడానికి అడుగు వేసి ఆగిపోయాడు. తమ్ముడు అబ్బులు సముద్రం ఒడ్డున రొయ్యల చెరువులకి కాపలా. చెరువుగట్టు మీద తాటాకు పాక. మెట్ల మీద నిలబడి నీటి వంక చూడకుండా వెనక్కి తిరిగాడు, అలా తిరిగినవాడు తొమ్మిది రోజులకి గాని మళ్ళీ ఆ మెట్లు దిగలేదు. దిగినరోజునే ఇంజనీరుగారు పడవ వేసుకుని వచ్చాడు. పుస్తకం ఏది చిన్నబ్బాయ్ అన్నాడు. తుఫానులో పని వదిలి వెళ్ళిన లస్కరుని ఇంటికి పంపిస్తారు, పై లాకుల్లో ఒకణ్ణి పంపించేశారని అప్పటికే తెలిసింది. గదిలో తడిసిందండి, ఎండబెట్టి తెస్తాను, అన్నాడు. ఉద్యోగంలో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే అయితే బాగుండేది. కూర్చుని ఏడు పొద్దున నాలుగుంబావు, ఏడు సాయంత్రం నాలుగుంబావు, ఎనిమిది పొద్దున నాలుగుంబావు. పద్దెనిమిదిసార్లు. ఒకే సిరా. ఇంజనీరుగారు అడుగున సంతకం పెట్టి, శభాష్, అన్నాడు. ఆ మనిషి పోయి పన్నెండేళ్ళయింది. గైడుగారు, పరీక్షించేవాళ్ళు, ఎవరికీ తెలియదు. ఆ సిరా మరక ఇక ఎవరూ చూడరు.

నీళ్ళని సూరమ్మ చూసింది. కాలవ కింద పేటలో ఉండేది, ఇంకా ఉంది. ఆ నెలాఖరుకి సాయం ఇవ్వడానికి తాసీల్దారు వస్తే అందరిలో నిలబడి చెప్పింది, గట్టు తెగిందండి బాబూ, కాలవ నీళ్ళండి, సముద్రం నీళ్ళయితే ఉప్పగుండాలి కదండి, నా నోట్లోకి వెళ్ళాయండి, తియ్యగున్నాయండి, అని. తాసీల్దారు గేజి పుస్తకం తెమ్మన్నాడు. చిన్నబ్బాయే తెచ్చి తెరిచి పట్టుకున్నాడు. నాలుగుంబావు. ఇక్కడ రాసి ఉందమ్మా, నీకు భయంలో అలా అనిపించింది, అన్నాడు తాసీల్దారు. సూరమ్మ పుస్తకం వంక చూడలేదు, చిన్నబ్బాయి మొహం వంక చూసింది, ఆయన పేజీ వంక చూశాడు. పేటని ముంచింది మురుగుకాలవేనని తేల్చారు. గట్టు పటిష్ఠం చేయమన్న అర్జీ అక్కడితో పోయింది. ఆ తర్వాత ఆ ఆడమనిషి దారిలో ఎదురైనా ఆయన పలకరించలేదు. ఆయన ఎవరితోనూ మాట్లాడడు కాబట్టి ఈ ఒక్కరితో మాట్లాడడం లేదని ఊళ్ళో ఎవరికీ తట్టలేదు. అది అదృష్టమే అనుకున్నాడు కొన్నాళ్ళు. ఇప్పుడు కోడలు ఆ అమ్మని కూర్చోబెట్టి ఫోన్లో మాటలు ఎక్కించుకుని వచ్చి, పుస్తకంలో పెట్టి, ఆధారం లేదని కొట్టేసింది. రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు. తాసీల్దారు నోటిమాటగా అన్నది ఇప్పుడు అచ్చులో ఉంటుంది, లైబ్రరీలో ఉంటుంది, రేపు ఎవరో చదువుకునే పిల్ల దాన్ని చూసి ఇంకో పుస్తకం రాస్తుంది.

చెప్పకపోతే? అయిదింటికి ఇచ్చేస్తుంది. రసీదు తీసుకుంటుంది. ఉద్యోగం గట్టిపడుతుంది. ఫోటో దిగుదాం మావయ్యగారూ అంటుంది, దిగుతాడు. డెబ్బై ఆరేళ్ళు, ఇంకెన్నాళ్ళు. చెబితే? పేజీ తీస్తే పేజీల అంకెలు మారతాయి, ముందు విషయసూచిక మారుతుంది, వెనక బొమ్మల జాబితా మారుతుంది, నిన్నంతా ఆ అమ్మాయి అంకెల కోసం ఎంత పాకులాడిందో చూశాడు. ఒక వాక్యం జరిపితే ఆ వెనకున్నదంతా కదిలిపోతోంది మావయ్యగారూ, తలుపెత్తినట్టు, అని కూడా అంది. చెప్పడమంటే ఆ కొట్టుకుపోవడమే. మర కింద ఉన్న ప్రతి వంక చూశాడు. ఆరిపోతోంది. ఆరాక ఊడదీయాలంటే చింపాలట. మొత్తం బతుకులో ఆయన తలుపులు ఎత్తింది పైవాళ్ళు చెబితేనే, తనంతట తాను ఒక్కసారీ ఎత్తలేదు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. వేళ్ళు వాటంతటవే పిడి పట్టుకున్నట్టు ముడుచుకుంటున్నాయి.

హేమశ్రీ గుమ్మంలోకి వచ్చింది, చెమటతో, నవ్వుతూ, ఫారం చూపిస్తూ. "అయిపోయింది మావయ్యగారూ. జయపాల్‌గారూ, ఆరిందా అండి?"

"ఆ తొమ్మిది రోజులూ నేను గేజి చూడలేదమ్మా," అన్నాడు చిన్నబ్బాయి.

ఆమెకి అర్థం కాలేదు. ఆయన కట్ట తెరిచి బొమ్మ మీద వేలు పెట్టాడు. అప్పుడు వచ్చి పక్కన కూర్చుంది. ఫారం మడతపడకుండా ఒళ్ళో పెట్టుకుంది. "చూడలేదంటే?"

"ఊళ్ళో లేను. అబ్బులు కోసం వెళ్ళాను. వచ్చాక రాశాను."

"మరి నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?"

"తెలీదు. ఎవరూ చూడలేదు. సూరమ్మ చూసింది."

జయపాల్ రేడియో కట్టేశాడు. ఆమె మొహం ఎర్రబడింది, ఏడుస్తుందేమో అనుకున్నాడు, ఏడవలేదు. "తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో కూర్చుని అడిగాను కదండీ మిమ్మల్ని," అంది నెమ్మదిగా.

"ఇది అడగలేదమ్మా."

"అడిగితే చెప్పేవారా?"

ఆయన ఆలోచించాడు. "చెప్పేవాణ్ణి కాదు."

ఆ నిజానికే కాబోలు ఆమె లేచింది. ఫోన్ తీసి గైడుగారికి చేసింది, చేతుల్లో కాగితాలుండడంతో మాట పైకి వినిపించేలా పెట్టి బల్ల మీద ఉంచింది. విషయం రెండు ముక్కల్లో చెప్పింది. "అమ్మా, ఆ పేజీ దాకా ఎవరూ చదవరు. ఇవాళ ఇచ్చెయ్, తర్వాత చూసుకుందాం," అన్నాడాయన. "నేను చదివాను కదా సార్," అంది. అవతల ఒక నిట్టూర్పు. "నాలుగు పేజీలేనా? అయితే ఆ నాలుగే మార్చు. అంకెలు మాత్రం కదలకూడదు. ఇంకేది మారినా నా సంతకాలు మళ్ళీ కావాలి, నేను మూడింటి రైలుకి వెళ్ళిపోతున్నాను."

షాపు మూల జయపాల్ కంప్యూటర్ ఉంది. ఆమె పెన్‌డ్రైవ్ పెట్టి కూర్చుంది. నూట నలభై మూడు నుంచి నూట నలభై ఆరు. బొమ్మలో ఆ తొమ్మిది రోజుల గీత చెరిపింది. అక్కడ తెల్లగా మిగిలింది. సూరమ్మ మాటలు ఫోన్లోంచి వింటూ కొట్టింది, ఉప్పు కాదు, తియ్యటి నీళ్ళు, ఉన్నదున్నట్టు. కొట్టేసిన వాక్యాలు పోయాయి, ఇవి వచ్చాయి, ఐనా రెండున్నర పేజీలు ఖాళీ. గోడమీద గడియారం ఒకటీ నలభై. "వీటిని కుట్టి, అట్టలేసి, ఆరబెట్టాలంటే రెండున్నరకి నా చేతికి రావాలమ్మా, ఆ మర కిందది ఎలాగూ విప్పుతాను," అన్నాడు జయపాల్. జోకు వేయలేదు. ఆమె కుర్చీ తిప్పి మావగారి వంక చూసింది. "ఇక్కడ నేను ఊహించి రాయలేను. నాలుగు పేజీలు నిండాలి, తక్కువైతే వెనకున్నవన్నీ ముందుకొచ్చేస్తాయి. గేజి చూడాల్సిన మనిషి ఎక్కడున్నాడో చెప్పండి. మీరు చెప్పండి, నేను కొడతాను."

రెండున్నర పేజీలు. ఆయన జన్మలో అన్ని మాటలు ఒక్కచోట అనలేదు. ఏడో తేదీ, అన్నాడు. ఆగాడు. మీటలు టకటకలాడి ఆగాయి. ఏడో తేదీ పొద్దున బయల్దేరాను. దారి లేదు, గట్టు మీద నడిచాను. నడుములోతు నీళ్ళు. ఏ నీళ్ళో చూడలేదు. యానాం రేవు దగ్గర పడవ దొరికింది. మాటలు ఒకదాని మీద ఒకటి కాలు పెట్టి నెమ్మదిగా దిగుతున్నాయి. గట్టు పొడవునా పడుకోబెట్టారు. అందరూ ఒక్కలాగే ఉన్నారు. ప్రతి ఒక్కరి దగ్గరా కూర్చుని మొహం తుడిచి చూశాను. మోసేవాళ్ళు యానాం సరుకు తాగి మోసేవారు, తాగకపోతే మోయలేరు, నాకూ ఇచ్చారు, తాగాను. దీపావళి ఏ రోజు వచ్చిందో తెలీదు. వంటకి కట్టెల్లేవు, కాల్చడానికీ లేవు, గోతులు తీసి పూడ్చారు. ఆమె వెనక్కి తిరగకుండా కొడుతోంది. జయపాల్ దబ్బనం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఎనిమిదో రోజు ఒకణ్ణి చూశాను. మొహం లేదు. మొలతాడుకి రాగిబిళ్ళ ఉంది. అబ్బులుకీ ఉండేది. చాలామందికి ఉంటుంది." జయపాల్ నీళ్ళ సీసా ఇచ్చాడు, పట్టుకున్నాడు, తాగలేదు. "మీవాడేనా అని అడిగారు. మావాడు కాదన్నాను. పూడ్చేశారు. ఇంటికొచ్చి దొరకలేదని చెప్పాను. మా అమ్మ పోయేదాకా వాడికి అన్నం తీసిపెట్టింది. వాడేనో కాదో నాకు తెలీదు. చేతులు చూడాల్సింది. వాడి చేతులు నాకు తెలుసు, చూస్తే తెలిసిపోయేది. చూడలేదు."

మీటల చప్పుడు కాసేపు వినిపించి ఆగింది. హేమశ్రీ తెర మీద కిందిదాకా చూసింది. చెంపలు పైటతో తుడుచుకుంది. "నిండింది మావయ్యగారూ," అంది. "నూట నలభై ఆరు కూడా నిండింది. ఇంక చాలు."

ఆయన సీసా మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"ఇంకా ఉందమ్మా," అన్నాడు.

కంప్యూటర్ పక్కన ప్రింటరు కొత్త కాగితాలు ఒక్కొక్కటీ వేడిగా బయటికి తోస్తోంది. జయపాల్ మర పిడి ఎడమవైపు తిప్పి మొదటి ప్రతిని పైకి తీశాడు, చాకుతో వీపు మీద అంటించిన గుడ్డ కోశాడు. ఆమె కుర్చీలోంచి లేచి వచ్చి బల్ల మీద ఆయన పక్కన కూర్చుంది. ఇప్పుడు చేతుల్లో ఏమీ లేదు.

"చెప్పండి," అంది.

నాలుగింటికి అయిదు పుస్తకాలూ ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కారు. యూనివర్సిటీ గేటు వచ్చేదాకా ఆయన చెబుతూనే ఉన్నాడు.